విల్ఫ్రెడ్ ఓవెన్: తల్లికి వ్రాసిన జాబులు

1914వ సంవత్సరము ఆగస్టు నెలలో ఐరోపా ఖండమున చెలరేగిన మహాసంగ్రామము నాలుగేండ్లకు పైగా సాగెను. ఆ కాలమున ఇంగ్లండు నుండి ఫ్రాన్సు రణరంగమునకు తరలిపోయిన సైనికులు లక్షలకొలది. వారికిని వారి ఇండ్లకును నడుమ నున్నది ఒక సన్నని సముద్రపాయ మాత్రమే. ఫిరంగులు ఉధృతముగా మ్రోగిన దినములలో ఆ మ్రోత ఇంగ్లండు దక్షిణ తీరమున నున్నవారికి వినవచ్చెడిది. అయినను మోకాలిలోతు బురదలో, కందకములో నిలిచియున్న వానికి ఇల్లు ఆకాశమంత దూరము. ఆ దూరమును దాటగలిగినది ఉత్తరము ఒక్కటే.

అట్లు ఇంటికి ఉత్తరములు వ్రాసిన సైనికులలో విల్ఫ్రెడ్ ఓవెన్ ఒకడు. నేడు ఆంగ్ల సాహిత్యమున యుద్ధకవులను పేర్కొనవలసి వచ్చినచో అతని పేరు మొదటి వరుసలో నిలుచును. కాని అతడు బ్రతికియుండగా అచ్చైన పద్యములు నాలుగైదుకు మించవు. అతని వ్రాతలను ఎడతెగక చదివిన పాఠకురాలు ఆ దినములలో ఒక్కతె. ఆమె అతని తల్లి సూసన్.

విల్ఫ్రెడ్ 1893వ సంవత్సరము మార్చి 18వ తేదీన, వేల్సు సరిహద్దునకు సమీపమున నున్న ఆస్వెస్ట్రీ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి టామ్ ఓవెన్ రైల్వే ఉద్యోగి. అతడు యౌవనమున మన దేశమునకు వచ్చి, ఇచటి రైల్వేలో కొన్నేండ్లు పనిచేసి మరలిపోయినవాడు. విల్ఫ్రెడ్ పుట్టిన ఇల్లు మాతామహునిది. 1897లో ఆ వృద్ధుడు మరణింపగా ఇల్లు అమ్ముడుపోయెను. అప్పటినుండి ఆ కుటుంబము టామ్ తెచ్చు జీతపురాళ్ళతో పొదుపుగా కాలము గడుపవలసి వచ్చెను. విల్ఫ్రెడ్ తరువాత మేరీ అను చెల్లెలు, హెరాల్డ్, కోలిన్ అను ఇద్దరు తమ్ములు కలిగిరి.

తండ్రికి సముద్రమన్నను ఓడలన్నను మిక్కిలి ప్రీతి. పెద్దకుమారునకు మాత్రము పుస్తకములపై ఆసక్తి. తల్లి భక్తురాలు, కుమారుడు గొప్ప చదువులు చదువవలెనని ఆమె కోరిక. ఆమె యెచటికైనను వెళ్ళినచో విల్ఫ్రెడ్ జాబు వ్రాయక ఊరకుండలేకపోయెడివాడు. అతడు వ్రాసిన జాబులలో నిలిచియున్న మొట్టమొదటిది 1898 నాటిది. అప్పటికి వానికి ఐదేండ్లు. అమ్మ క్షేమముగా చేరియుండునని తనకు తెలియుననియు, తాము పిల్లలందరును చిన్న చిన్న గుడిసెలు కట్టుచున్నామనియు, తన యొద్ద ఒక లాంతరు కలదు గనుక ఆ రాత్రి దానిని వెలిగింతుమనియు ఆ జాబులోని సమాచారము. అక్షరములు కుదురుగా రావు, మాటలు తప్పులతడకలు. అయినను తల్లి దానిని పారవేయలేదు. ఆ తరువాత వచ్చిన వానిని కూడ పారవేయలేదు.

బర్కెన్‌హెడ్‌లోను, పిమ్మట ష్రూస్‌బరీ పట్టణమునను అతని విద్యాభ్యాసము జరిగెను. 1911లో లండను విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షలో ఉత్తీర్ణుడయ్యెను గాని, విద్యార్థివేతనము లభించునంతటి శ్రేణి రాలేదు. వేతనము లేనిదే చదివించు శక్తి తండ్రికి లేదు. అందువలన అతడు రెడింగు నగర సమీపమున డన్స్‌డెన్ అను గ్రామమున, చర్చి గురువునకు సహాయకుడుగా చేరెను. అచట పేదల గుడిసెలలో రోగపీడితులైన పసిపిల్లలను చూచి అతని మనస్సు కలత చెందెను. మతగురువుల మాటలకును ఆ గుడిసెలలోని బ్రతుకులకును పొంతన అతనికి కనబడలేదు. 1913లో ఆ కొలువు విడిచి, ఫ్రాన్సులోని బోర్డో నగరమునకు పోయి ఆంగ్లభాష బోధించుచు జీవించెను. ఈ సంవత్సరములన్నింటను ఇంటికి జాబులు పోవుచునే యుండెను. తిన్నది, చదివినది, జలుబు చేసినది, కోటు చిరిగినది అన్నియు తల్లికి తెలియవలసినదే.

యుద్ధము మొదలైన వెంటనే అతడు పరుగెత్తి సైన్యమున చేరినవాడు కాడు. ఫ్రాన్సులోనే ఉండి యొక సంవత్సరము ఆలోచించెను. చివరకు స్వదేశమునకు వచ్చి 1915 అక్టోబరు 21వ తేదీన సైన్యమున చేరెను. శిక్షణానంతరము 1916 జూను నెలలో మాంచెస్టరు రెజిమెంటున సెకండు లెఫ్టినెంటుగా నియమింపబడి, ఆ సంవత్సరాంతమున సముద్రము దాటి ఫ్రాన్సు చేరెను. అప్పుడతని వయస్సు ఇరువదిమూడేండ్లు.

ఆ దినములలో సైనికుల తపాలా నడచిన తీరు తెలిసికొనదగినది. లండనులో రీజెంట్స్ పార్కునందు కట్టెలతో కట్టిన ఒక బ్రహ్మాండమైన తపాలాశాల వెలసెను. యుద్ధము ముమ్మరముగా నున్నప్పుడు వారమునకు 1 కోటి 20 లక్షల ఉత్తరములు, పది లక్షల పొట్లములు అచట వేరుచేయబడెడివి. అచటి నుండి ఓడలలో ఫ్రాన్సు రేవులకు, రైళ్ళలో సేనానివేశములకు, తుదకు భోజనపు బండ్లతో కలిసి కందకముల వరకు అవి చేరెడివి. ఇంటిలో వేసిన జాబు రెండు మూడు దినములలో కందకములోని వాని చేతికి అందుట సామాన్యమైన విషయమాయెను. మేజోళ్ళు, చేతితొడుగులు, చాకొలెట్లు, సిగరెట్లు, ఇంట చేసిన రొట్టెలు పొట్లములలో వచ్చెడివి. ఆకలితోను చలితోను పోరాడువానికి ఉత్తరమెంత ముఖ్యమో సేనాపతులకు తెలియును గనుకనే తపాలాపై అంత శ్రద్ధ వహించిరి.

కాని ఇంటికి పోవు జాబులకు ఆటంకము లేకపోలేదు. ఏ ఊరిలో నున్నది, ఏ దళము ఎటు కదలుచున్నది వ్రాయరాదు. సామాన్య సైనికుల జాబులను వారి పై అధికారి చదివి, తగనిమాట కొట్టివేసి, సంతకము చేసిన పిదపనే అవి కదలెడివి. ఓవెన్ తన దళమువారి జాబులను ఇట్లే చదువవలసివచ్చెను. ఒకరు భార్యకు, ఒకరు తల్లికి వ్రాసికొన్న సొంత మాటలను పరుడొకడు చదువుట ఇరుపక్షములకును ఇబ్బందికరమే. ఆ జాబులలో చాల భాగము తాను బాగుగా నున్నానని చెప్పునవే. ఆ మాట వ్రాసిన చేయి మడమలోతు నీటిలో నిలిచి వ్రాసినదని అధికారికి తెలియును, చదువు భార్యకు తెలియదు. దీనినే వస్తువుగా గ్రహించి ఓవెన్ తరువాత ‘ఉత్తరము’ అను పేర ఒక పద్యము వ్రాసెను. అందులో ఒక సైనికుడు తనకేమియు భయము లేదని భార్యకు వ్రాయుచుండగనే గుండు తగిలి కూలిపోవును. మిగిలిన జాబును పక్కనున్న మిత్రుడు పూర్తిచేయవలసి వచ్చును.

ఇంతటి కట్టడి మన దేశపు సిపాయిలకును తప్పలేదు. ఈ యుద్ధమున మన సిపాయిలు లక్షకు పైగా ఫ్రాన్సు దేశమునకు వెళ్ళిరి. వారిలో చదువురానివారు అక్షరాస్యుడైన స్నేహితుని చేత జాబులు వ్రాయించుకొనెడివారు. ఆ జాబులను ఫ్రాన్సులో నియమింపబడిన అధికారులు తెరచి చదివి, వానిలోని ముఖ్యాంశములను ఆంగ్లమున వ్రాసికొనిరి. అసలు జాబులలో అధికభాగము పల్లెలలో ఎక్కడనో నశించిపోగా, ఆ అధికారుల నకళ్ళు మాత్రము నేటికిని లండనులో పదిలముగా నున్నవి.

ఓవెన్ అధికారియైనందున అతని జాబులను నిత్యము తెరచి చూచువారు లేరు. నియమమును తనంతట తానే పాటింపవలెను. అయినను తన కుమారుడెచట నున్నాడో తెలియక తల్లి బెంగపడునని అతనికి తెలియును. అందుచే తల్లీకుమారులు ముందుగానే కొన్ని సంకేతములు ఏర్పరచుకొనిరి. జాబులో ఒక నిర్ణీతమైన మాట కనబడినచో దాని తరువాతి పంక్తులలోని అక్షరములు కూర్చుకొనగా స్థలము పేరు వచ్చును. వేరొకటి సైన్యము ఇచ్చెడి అచ్చుకార్డునకు సంబంధించినది. ఆ కార్డుపై తాను క్షేమముగా నున్నాననియు, ఆసుపత్రిలో చేరితిననియు, జాబు అందెననియు ఇట్టి వాక్యములు అచ్చువేసి యుండును. అక్కరలేని వానిని కొట్టివేసి సంతకము చేయవలెను. ఒక్క మాట అదనముగా వ్రాసినను కార్డు చించివేయబడును. తనను వెనుకటి శిబిరమునకు పంపుచున్నారను వాక్యమును ఒక గీతతో గాక రెండు గీతలతో కొట్టినచో తాను యుద్ధముఖమున నున్నట్లు గ్రహింపవలసినదని ఓవెన్ తల్లికి చెప్పియుంచెను. తల్లి కోసమేయైనను సైనికుడు, అందును అధికారి, నియమము తప్పుట యుక్తమా అని అడుగువారుండవచ్చును. ఆ ప్రశ్న సమంజసమైనదే. ఓవెన్ మాత్రము తల్లి పక్షమే వహించెను.

1917 జనవరి నెలలో అతడు మొదటిసారి శత్రువునకు ఎదురుగా నిలిచెను. ఇరుసేనల కందకములకు నడుమ, ఎవరికిని చెందని నేలలో, భూమిలో త్రవ్విన ఒక గుహను అతని దళము కాపాడవలసి వచ్చెను. ఇరువదియైదుగురు అందులో ఇరుకుగా నిండియుండిరి. నీరు ఒకటి రెండు అడుగుల ఎత్తున నిలిచియుండెను. రెండు ద్వారములలో ఒకటి ఫిరంగి గుండుతో మూసికొనిపోయెను. అట్లు ఏబది గంటలు గడచెను. మెట్లపై కాపలా నిలిపిన సైనికుడొకడు ప్రేలుడు తాకిడికి క్రిందికి విసరివేయబడి చూపు కోల్పోయెను. అతనిని అచట నిలిపినవాడు ఓవెనే. ఆ సైనికుని కన్నులు ఓవెన్ స్వప్నములను ఏడాదికి పైగా వెంటాడెను. చివరకు 1918లో ‘కాపలావాడు’ అను పద్యముగా వెలువడెను.

గుహ నుండి బయటపడిన వెంటనే, జనవరి 16వ తేదీన, అతడు తల్లికి జాబు వ్రాసెను. ఇచట అతనికొక చిక్కు ఎదురయ్యెను. అందరు కుమారులవలె తాను సుఖముగా నున్నానని వ్రాయుట సులభము. తల్లికి ఆ రాత్రి నిద్ర పట్టును. జరిగినది వ్రాసినచో ఆమె మరల తపాలావాడు వచ్చువరకు ప్రాణములు అరచేత బట్టుకొని కూర్చుండును. ఓవెన్ చాలసేపు సందేహించినట్లు తోచదు. గడచిన నాలుగు దినముల విషయమున ఆమెను మోసగించుటకు తనకు కారణము కనబడుటలేదని చెప్పి, గుహ, నీరు, ఇరుకు, చూపు పోయినవాడు అన్నియు వ్రాసివేసెను. అది కఠినమైన పని. కాని ఐదేండ్లనాడు లాంతరు సంగతి చెప్పినవాడు ఇరువదిమూడేండ్లకు గుహ సంగతి దాచలేకపోయెను. ఆ జాబులలోని వర్ణనలే కొన్ని తరువాత అతని పద్యములకు ముడిసరుకైనవి.

ఆ చలికాలమంతయు జాబులు అట్లే సాగెను. మంచులో పరుండి గడ్డకట్టి మరణించిన సైనికుని గూర్చి వ్రాసెను. మార్చిలో చీకటిలో నడచుచు ఒక లోతైన నేలమాళిగలో పడి తలకు దెబ్బ తగిలించుకొనెను. ఏప్రిలులో, పండ్రెండు దినములు ముఖము కడుగక, బూట్లు విప్పక, గాఢనిద్ర యెరుగక పోరాడవలసి వచ్చెను. ఆ దినములలోనే ఒక గుండు అతని తలకు సమీపమున పడి అతనిని గాలిలోనికి ఎగురవేసెను. దేహముపై గాయము లేదు. కాని చేతులు వణకుచుండెను, జ్ఞాపకము చెదరిపోవుచుండెను, మాట తడబడుచుండెను. ఇట్టిదానిని పిరికితనమని ఈసడించువారు ఆ కాలమున తక్కువవారు కారు. వైద్యులు మాత్రము అతనిని వెనుకకు పంపిరి. 1917 జూనులో ఎడింబరో నగరమున క్రెయిగ్‌లాక్‌హార్టు అను ఆసుపత్రిలో చేరెను.

అచట అతనికి రెండు విధముల మేలు కలిగెను. డాక్టరు ఆర్థర్ బ్రాక్ అను వైద్యుడు రోగిని మంచముపై పడియుండనీయక ఏదో యొక పనిలో నియోగించువాడు. అతని ప్రోత్సాహమున ఓవెన్ ఆసుపత్రి పత్రిక ‘హైడ్రా’కు సంపాదకుడయ్యెను. జూలై నెలలో సీగ్‌ఫ్రీడ్ ససూన్ అను కవి అదే ఆసుపత్రికి వచ్చెను. ససూన్ పరాక్రమవంతుడైన అధికారి. యుద్ధమును సాగదీయుచున్నారని బహిరంగముగా నిరసించినందున అచటికి పంపబడినవాడు. ఓవెన్ తన పద్యములు చేతబట్టుకొని సంకోచముతో అతని గది తలుపు తట్టెను. ససూన్ వానిని చదివి, లోపములు చూపి, తాను చూచినదానినే వ్రాయుమని ప్రోత్సహించెను. అంతవరకు తీయని మాటల పద్యములు అల్లుచుండిన యువకుడు ఆ నాలుగు నెలలలో మరియొక కవిగా మారిపోయెను. స్వదేశముకొరకు మరణించుటను కీర్తించు ఒక ప్రాచీన లాటిన్ సూక్తిని శీర్షికగా గైకొని, విషవాయువుచే ఊపిరాడక చనిపోవు సైనికుని చిత్రించిన ప్రసిద్ధ పద్యము అప్పటిదే. ఆ పద్యపు ప్రతి అక్టోబరులో ఎవరికి పోయెనో చెప్పనక్కరలేదు. అది తల్లికే పోయెను.

1917 డిసెంబరు 31వ తేదీ రాత్రి, ఆరోగ్యవంతుడై ఇంగ్లండు తీరమున చిన్న ఉద్యోగమున నుండి, అతడు తల్లికి మరియొక జాబు వ్రాసెను. ఒక సంవత్సరము క్రిందట అదే రాత్రి తాను ఫ్రాన్సులోని ఎటాప్ శిబిరమున నుంటినని జ్ఞాపకము చేసికొనెను. అచటి వారి ముఖములలో ఒక వింత చూపు కనబడెను. అది నిరాశ కాదు, భయమును కాదు. ఇంగ్లండులో అట్టి చూపు ఎన్నడును చూడలేదు. దానిని ఎవరును చిత్రింపజాలరు. దానిని గూర్చి వ్రాయవలెనన్నచో తాను మరల వారి నడుమకు పోవలసినదే అని అతడు తల్లికి తెలియజేసెను. కుమారుడు తిరిగి వెళ్ళుటకు నిశ్చయించుకొనుచున్నాడని ఆ తల్లి ఆ నూతన సంవత్సర దినమున చదివియుండవలెను.

1918 వసంతమున రిపన్ పట్టణ శిబిరమున నున్నప్పుడు ఒక చిన్న ఇంటిలో గది అద్దెకు తీసికొని, పని ముగిసిన పిదప అచట కూర్చుండి పద్యములు వ్రాసెను. అతని ఉత్తమ రచనలలో అనేకము ఆ గదిలో పుట్టినవి, లేదా తుదిరూపు దాల్చినవి. జూలైలో ససూన్ తలకు గాయమై ఫ్రాన్సు నుండి తిరిగివచ్చెను. కందకములలోని వారి పక్షమున పలుకుటకు ఎవరో యొకరు అచట నుండవలెను గదా యని ఓవెన్ తలచెను. మిత్రులు వారించుచున్నను ఆగస్టు 31వ తేదీన మరల ఓడ ఎక్కెను.

అక్టోబరు 1వ తేదీన ఝోంకూర్ అను గ్రామము చెంత జరిగిన పోరాటమున తోటి అధికారులు నేలకూలగా ఓవెన్ నాయకత్వము వహించి, శత్రువుల మరతుపాకిని చేజిక్కించుకొని, అనేకులను బందీలుగా పట్టుకొనెను. మిలిటరీ క్రాసు పతకమునకు అతని పేరు సిఫారసు చేయబడెను. ఆ పోరాటమున అతని అనుచరుడైన కుర్రవాడొకడు తలకు గుండు తగిలి అతని భుజముపై వాలిపోగా, రక్తముతో భుజము తడిసిపోయెను. కొన్ని దినముల తరువాత తల్లికి వ్రాయుచు, తన మనస్సు చలింపలేదనియు, ఈ కుర్రవాండ్రకు సాయపడుటకే తాను వచ్చితిననియు, అధికారిగా వారిని నడపుట ఒక సాయమైతే, వారి బాధలు కన్నులార చూచి వకీలువలె వారి పక్షమున చెప్పుట రెండవ సాయమనియు, మొదటిది నెరవేర్చితిననియు తెలిపెను.

అక్టోబరు 31వ తేదీ సాయంకాలము అతడు వ్రాసిన జాబు వేరు విధమైనది. ఓర్స్ గ్రామమునకు సమీపమున అడవిని కాచు ఉద్యోగి నివసించు ఇల్లు ఒకటి కలదు. దాని నేలమాళిగలో సైనికులు తలదాచుకొనియుండిరి. పొగ ఎంత దట్టముగా నున్నదనగా, జానెడు దూరమున నున్న కొవ్వొత్తి వెలుగును సరిగా కానరాకుండెను. వ్రాయుచున్న చేతిని పక్కవారి మోచేతులు త్రోయుచుండెను. వంటవాడు కట్టెలు కొట్టుచుండెను. ముసలి సిపాయి యొకడు ఉర్లగడ్డలు చెక్కి కుండలోని నీటిలో వేయుచుండెను. అందరును నవ్వుచుండిరి. ఇచట ప్రమాదమేమియు లేదనియు, ఉన్నను ఈ జాబు అందునప్పటికి అది గడచిపోవుననియు, తనచుట్టు నున్నవంటి మిత్రులు మరియెచటను దొరకరనియు, తాను ఈ మాళిగలో నున్నంత వెచ్చగా అమ్మ కూడ ఇంట నున్నదని తలంతుననియు వ్రాసెను. తల్లిని మోసగింపనని జనవరిలో చెప్పినవాడు ఈసారి ప్రమాదము లేదని వ్రాసెను. అది దాపరికమో, లేక ఆ క్షణమున ఆ వెచ్చదనమే అతనికి నిజమై తోచెనో నిర్ణయించుట కష్టము.

నవంబరు 4వ తేదీ ఉదయము, తెల్లవారక మునుపే, అతని దళము సాంబ్ర్-ఉవాజ్ కాలువను దాటుటకు పూనుకొనెను. ఆవలి గట్టుపై శత్రువుల మరతుపాకులు. ఇంజనీర్లు తేలెడు తెప్పలపై పలకలు పరచి వంతెన కట్టుచుండగా గుండ్లు వానవలె కురియుచుండెను. ఓవెన్ తన వారి నడుమ తిరుగుచు, వెన్ను తట్టుచు ధైర్యము చెప్పుచుండెను. ఆ కాలువ చెంతనే గుండు తగిలి మరణించెను. వయస్సు ఇరువదియైదేండ్లు. ఓర్స్ గ్రామ శ్మశానమున అతని సమాధి కలదు. పతకము మరణానంతరము వచ్చెను.

సరిగా ఏడు దినములకు, నవంబరు 11వ తేదీ ఉదయము 11 గంటలకు, యుద్ధము నిలిచిపోయెను. ష్రూస్‌బరీ పట్టణమున చర్చి గంటలు మ్రోగెను. జనులు వీథులలోనికి వచ్చిరి. సామాన్య సైనికుడు మరణించినచో ఇంటికి అచ్చుకాగితము తపాలాలో వచ్చును. అధికారియైనచో తంతివార్త వచ్చును. మధ్యాహ్నవేళ ఓవెన్ వారి ఇంటి తలుపు తట్టినది తంతివాడు. గంటలు అప్పటికింకను మ్రోగుచునే యుండెను.

తన మరణానంతరము ఒక గోనెసంచిలోని సొంత కాగితములను చూడకయే కాల్చివేయుమని ఓవెన్ తల్లిని కోరియుండెను. ఆమె అట్లే కాల్చెను. చూడలేదు. కాని తనకు వచ్చిన జాబులు కాల్చుమని అతడు చెప్పలేదు. గుడిసెలు, లాంతరు గల తొలి జాబు మొదలుకొని పొగ నిండిన మాళిగలోని జాబు వరకు ఆమె దాచిపెట్టెను. పద్యములు 1920లో ససూన్ పీఠికతో గ్రంథరూపమున వెలువడెను. జాబులను తమ్ముడు హెరాల్డ్, జాన్ బెల్ అను మరియొకరితో కలిసి 1967లో ప్రకటించెను. సంపుటమున మొత్తము 673 జాబులు. అందులో ఏబదియైదు పదులకు పైగా తల్లికి వ్రాసినవే. అన్నింటికంటె చివరిది, 673వది, మాళిగలోనిది.

మరణించినవాని వస్తువులతో పాటు అతని జేబుపుస్తకము కూడ ఇంటికి వచ్చెను. తల్లి దానిని తెరచి చూచెను. అందులో కుమారుని దస్తూరితో వ్రాసిన కొన్ని పంక్తులు, వాని క్రింద రవీంద్రనాథ ఠాకూరు పేరు కనబడెను. ఆమె వానిని గుర్తుపట్టెను. కడసారి ఫ్రాన్సునకు బయలుదేరు ముందు, తల్లీకుమారులిరువురు ఎండలో మెరయుచున్న సముద్రము వంక, ఆవలి తీరమున నున్న ఫ్రాన్సు వంక చూచుచు నిలిచినప్పుడు, వీడుకోలుగా అతడు పలికిన మాటలవే.

1920 వేసవిలో రవీంద్రుడు ఇంగ్లండునకు వచ్చియుండెను. ఆగస్టు 1వ తేదీన సూసన్ ఓవెన్ ష్రూస్‌బరీ నుండి ఆయనకు ఒక జాబు వ్రాసెను. ఎన్నడును చూడని పరదేశపు మహాకవికి వ్రాయుటకు ఎన్నాళ్ళుగానో ధైర్యము చాలకుండెనని చెప్పుకొని, సముద్రతీరమున జరిగినదియు, జేబుపుస్తకమున కనబడినదియు తెలియజేసి, ఆమె ఒక్కటి మాత్రము అడిగెను. ఆ పద్యము పూర్తిగా ఏ పుస్తకమున దొరకునో చెప్పుదురా యని.

ఆ గీతము ఆంగ్ల ‘గీతాంజలి’లో 96వది.